సాక్షులు లేని పెళ్లి

2025 జూన్ 8, ఆదివారం, జడ్చర్ల

మృగశిర కార్తె. పొద్దున్నే వెళ్లి కొర్రమీను తెచ్చాను. ఇంటామె చేపలు కడుగుతుంటే డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోను. అక్కడ ఇంకా శనివారం రాత్రే.

"నాయినా, ఒక మాట చెప్త, కోపం చేయొద్దు. పెండ్లి చేసుకుందామనుకుంటున్న."

ఐదేళ్ల నుంచి మేం అడుగుతున్నదే అది. కోపమెందుకు వస్తుంది? పిలగాడు ఎవరన్నాను.

"పెరూ..."

"పేరు తర్వాత చెప్దువు గానీ, ఊరేది?"

"పెరూనే నాయినా. దేశం. దక్షిణ అమెరికాల."

ఇంటామె చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. మధ్యాహ్నం పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరం తిన్నాం, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

జూన్ 11

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చాయ్ బండి దగ్గర తోటి దస్తావేజు లేఖరికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "గ్రీన్ కార్డు కోసమే అయి ఉంటది సారూ. బినామీ భూమి లెక్క ఇది బినామీ పెండ్లి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టు చేశాను.

ముప్పై నాలుగేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. డబ్బు చేతులు మారని క్రయపత్రాలు రాశాను, ప్రేమ లేని దానపత్రాలు రాశాను. కాగితం మీద ఒకటి, కడుపులో ఒకటి ఎలా ఉంటుందో నాకంటే తెలిసినవాడు ఈ సందులో లేడు. ఆ మాట గుచ్చుకున్నది అందుకే.

జూన్ 22, ఆదివారం

అడిగేశాను. "బిడ్డా, ఆ పిలగాన్ని వరుసల ముందుకు పోవటానికి చేసుకుంటున్నవా?"

చాలాసేపు పలకలేదు. తర్వాత విడమరిచి చెప్పింది. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎవరైనా అడిగితే నాకే సరిగా చెప్పరాదు.

అమెరికా ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికైనా అందులో 7 శాతమే హద్దు. దేశమంటే పాస్‌పోర్టు కాదు, పుట్టిన నేల. ఆ వరుసలో మా అమ్మాయి తేదీ 2019. ఆమె తరగతిలో భారత్‌లో పుట్టినవాళ్ల వరుస ఇప్పుడు 2013 జనవరి 1 దగ్గర నిలబడి ఉంది. పెరూ లాంటి దేశాలవాళ్ల వరుస 2023 దాకా వచ్చేసింది. భార్యాభర్తలు కలిసి దరఖాస్తు పెడితే ఇద్దరిలో ఎవరి పుట్టిన దేశం వరుస పొట్టిదైతే దాని కిందే ఇద్దరినీ లెక్కించే వీలు ఆ చట్టంలోనే ఉంది. భార్యాభర్తలను విడదీయకూడదని పెట్టిన నియమమట.

అంటే కావేరమ్మపేటలో పుట్టడమే దాని తప్పు. ఆ ముక్క విని నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఆయన నాకు నాలుగేండ్ల నుంచి తెలుసు. ఈ వరుస సంగతి పోయిన ఏడాది లాయర్ చెప్తె తెలిసింది. లాభం ఉన్నంత మాత్రాన అబద్ధమైతదా నాయినా? నువ్వు అమ్మను చేసుకున్నప్పుడు తాత పసుపు కుంకుమ కింద ఎకరం రాసిచ్చిండు గద. ఎకరం కోసం చేసుకున్నవా?"

స్పీకర్ ఫోను. ఇంటామె నా మొహం వైపే చూస్తోంది. నా దగ్గర జవాబు లేదు. ఉన్నా ఆమె ముందు చెప్పేది కాదు.

జూలై 6

పెళ్లి ఎక్కడ? ఇదో పంచాయితీ.

ఇంటామె కోరిక గంగాపురం చెన్నకేశవస్వామి గుడి. మేమూ అక్కడే చేసుకున్నాం. కానీ 1955 హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. అబ్బాయి క్యాథలిక్కు. గుళ్లో తాళి కడితే ఫొటోలు మిగులుతాయి, చట్టం కళ్లకు పెళ్లి మిగలదు. ఇక్కడ చేయాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఇద్దరిలో ఒకరు ఈ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండాలి, ఆ మీద నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు ఇంకో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. గోడకు అంటించిన అలాంటి నోటీసుల ముందు ఆగి జనం పేర్లు చదవడం, వాటిలో కులాలు వెతకడం ఎన్నిసార్లు చూశానో. మా అమ్మాయి సెలవు మూడు వారాలు. కుదరదు.

పెరూలో చేద్దామంటే మన కాగితాలన్నిటికీ విదేశాంగ శాఖ చేత అపోస్టిల్ అనే ధ్రువీకరణ వేయించి, స్పానిష్‌లోకి మార్పించాలి. పైగా అమెరికా దాటి బయటికి వస్తే మళ్లీ వీసా ముద్ర పడాలి. ముద్ర పడకపోతే కొత్త పెళ్లికూతురు ఒక దేశంలో, ఉద్యోగం ఒక దేశంలో.

మిగిలింది డల్లాస్. ఏ ఊళ్లో చేసుకుంటే ఆ ఊరి చట్టం ప్రకారం చెల్లిన పెళ్లి అయితే చాలు, అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకుంటారు.

జూలై 13

తెలిసినవాళ్లు పట్టుబట్టి హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లారు. కుర్చీలో కూర్చున్న కుర్రాడికి పాతికేళ్లుండవు. సలహా మాత్రం వందేళ్ల అనుభవం ఉన్నట్టు చెప్పాడు. "గుళ్లో పెళ్లి చేసెయ్యండి అంకుల్. రిజిస్టర్ చేయకండి. ఫారాల్లో పెళ్లి కాలేదనే రాయమనండి. ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఆ పెళ్లి బయట పెడదాం. అన్ని దారులూ తెరిచి ఉంటాయి."

ఫీజు ఐదు వేలు కట్టి లేచాను. బస్సులో షాద్‌నగర్ దాటేదాకా మనసు కుదుటపడలేదు.

నా వృత్తిలో మొదటి పాఠం ఇది: ఒకే సర్వే నంబరు మీద రెండు తేదీల్లో రెండు కాగితాలు పుడితే కోర్టు రెండింటినీ అనుమానిస్తుంది. పెళ్లి తేదీ కూడా అంతే. ఒక ఫారంలో అవివాహిత, ఇంకో ఫారంలో మూడేళ్ల కిందటి పెళ్లి ఫొటో అయితే, ఆ రెండూ ఒకనాడు ఒకే బల్ల మీదకి వస్తాయి. వీసా కోసం బూటకపు పెళ్లి చేసుకున్నట్టు తేలితే అమెరికా చట్టంలో ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. ఆ పైన ఇంకెవరు ఏ దరఖాస్తు పెట్టినా శాశ్వతంగా తిప్పి పంపుతారు.

రాత్రి అమ్మాయికి చెప్పాను, నిజమైన తేదీ ఒక్కటే ఉండాలి అని. "అదే కద నాయినా నేననేది" అంది.

జూలై 27

ఇంటామె అడిగింది, "దేశం కానోణ్ని చేసుకుంటే మన పాస్‌పోర్టు పోతదా?"

పోదు. మన పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం తానుగా ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్న రోజే పోతుంది. పెళ్లితో పోదు.

ఒకప్పుడు పోయేదట, అదీ అమెరికాలోనే. అమ్మాయి పంపిన వ్యాసంలో చదివాను. 1907 చట్టంతో విదేశీయుణ్ని చేసుకున్న అమెరికా ఆడదాని పౌరసత్వం ఊడిపోయేది. 1922లో సడలించారు గానీ, భర్త పౌరసత్వానికి అనర్హుడైతే మాత్రం పాత శిక్షే. 1923లో థింద్ అనే మనవాడి కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులను అనర్హుల్లో చేర్చింది. బెంగాలు విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లాడిన మేరీ సొంత దేశంలోనే పరాయిదైంది. 1931లో గానీ ఆ నిబంధన పోలేదు.

ఇంటామె కొత్తిమీర తుంచుతూ విన్నది. "అయితే మనోళ్లను చేసుకున్నందుకు ఆ తల్లికి శిక్ష పడ్డది" అంది. అప్పటి నుంచి పెరూ అబ్బాయిని "వాడు" అనడం మానేసింది.

ఆగస్టు 3

ఇంకో సంగతి తెలిసింది. మన సత్య నాదెళ్ల 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో తనే రాసుకున్నాడు. పెళ్లికి ముందే ఆయన చేతికి గ్రీన్ కార్డు వచ్చింది. వచ్చాక భార్యను తెచ్చుకుందామంటే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్యల వరుస ఏళ్ల తరబడి ఉంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్యలకు ఆ బాధ లేదు. 1994లో ఢిల్లీ ఎంబసీకి వెళ్లి గ్రీన్ కార్డు తిరిగిచ్చేసి హెచ్-1బీకి దిగిపోయాడు.

ఆయన చేతికి వచ్చిన కాగితం మంచిదే, వచ్చిన సమయమే బాగాలేదు. మా అమ్మాయి లాయరు కూడా ఇదే చెప్పాడట: ముందు పెళ్లి, ఆ తర్వాత గ్రీన్ కార్డు. వెనకాముందైతే అబ్బాయి వేరే వరుసలో పడతాడు, ఆ పుట్టిన దేశపు లెక్కా పనికిరాదు. రిజిస్ట్రేషన్ ముందా ఈసీ ముందా అని తగువులాడే రైతులకు ముప్పై ఏళ్లుగా నేను చెప్పేదీ ఈ మాటే.

ఆగస్టు 10

లాయరుకు అమ్మాయి బర్త్ సర్టిఫికెట్ కావాలి. లేదు.

1992. మా అమ్మ ఇంట్లో, మంత్రసాని చేతుల మీద పుట్టింది. వాన కురుస్తోంది, కరెంటు లేదు. ఆ రాత్రి ఎవరు ఏ రిజిస్టరులో రాస్తారు? ఊరందరి పుట్టుకలకూ చావులకూ కాగితాలు రాసినవాణ్ని, సొంత బిడ్డ పుట్టుకకు కాగితం లేదు.

మున్సిపాలిటీలో రికార్డు లేదని రాయించుకున్నాను, నాన్ అవైలబిలిటీ. దానికి తోడు పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు కావాలి. ఒకటి నాది. రెండోది మా అక్కది. ఆమెకు 71. నోటరీ ముందు వేలిముద్ర వేస్తూ అడగని సంగతులన్నీ చెప్పింది: "కాళ్లు ముందు ఒచ్చినయ్ సారూ. బతుకదన్నరు. నేనే బొడ్డు పట్టుకున్న." నోటరీ అవన్నీ రాయలేదు. రెండు వరుసల్లో తేల్చాడు.

ఆగస్టు 24

అబ్బాయితో వీడియోలో మాట్లాడాం. సన్నగా, పొడుగ్గా, కాస్త బెరుకు. "నమస్తే మామయ్యా" అన్నాడు. అమ్మాయి నేర్పించింది. ఇంటామెను "అత్తమ్మా" అన్నాడు. వెంటనే ఆమె కొంగు సర్దుకుంది.

అతని పేరు వెనక రెండు ఇంటిపేర్లు. మొదటిది తండ్రిది, రెండోది తల్లిది. వాళ్ల దేశంలో అందరికీ అంతేనట, పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదట. "ఆ పద్ధతి బాగుంది" అంది ఇంటామె నన్ను చూస్తూ. మా అమ్మాయి కూడా పేరు మార్చుకోనంది. నాకు సంతోషమే. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒక దాంట్లో వెనక, ఒక దాంట్లో పొడి అక్షరంగా ఉండి ఎందరు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చారో.

ఏం పండుతుంది మీ దగ్గర అని అడిగాను. మక్కలు, ఆలుగడ్డలు, పల్లీలు అన్నాడు. బాదేపల్లి మార్కెట్‌కు సీజన్‌లో లారీలకు లారీలు పల్లీ వస్తుందని చెప్పాను. పల్లి పుట్టిందే తమ ఖండంలో అన్నాడు. పాలమూరు పల్లి మాదే అనుకుంటూ ఇన్నాళ్లూ బతికాను. ఇంటామె కాసేపు ఆలోచించి, "పల్లి చట్నీ తింటడా అడుగు" అంది.

సెప్టెంబరు 20, శనివారం

పొద్దున టీవీ పెట్టగానే గుండె ఆగినంత పనైంది. కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజని నిన్న అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టాడు. 21 నుంచి అమలు. బయట ఉన్నవాళ్లు గడువులోగా తిరిగి రావాలని కంపెనీలు మెయిళ్లు పెడుతున్నాయి, విమానం ఎక్కినవాళ్లు దిగిపోతున్నారు అని వార్తలు. ఆ వీసా మీదే ఉన్న మా అమ్మాయి దసరాకు వస్తానని టికెట్ తీసుకుని ఉంది.

రాత్రికి తేలింది, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు, కొత్త దరఖాస్తులకే అని. అయినా అంది, "నాయినా, ఇప్పుడు కదలొద్దంటున్నరు."

మా నాయిన గుర్తొచ్చాడు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్లు మోశాడు. అడ్వాన్సు తీరేదాకా ఇంటికి రావడానికి లేదు. తల్లి చచ్చిపోతే కర్మకు కూడా అందలేదు. ఆయన మనవరాలికి ఏసీ గది, కారు, అప్పు లేదు. కానీ ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. పండుగకు ఇల్లు చేరడం తన చేతిలో లేదు. తేడాలు చాలా ఉన్నాయి, నాకు తెలుసు. అయినా ఈ రాత్రి ఆ పోలికే కళ్ల ముందు నిలబడింది.

గ్రీన్ కార్డు దరఖాస్తు పడి 180 రోజులు గడిస్తే అలాంటి పనే ఉన్న ఇంకో కంపెనీకి మారొచ్చట. అమ్మాయి ఆశంతా అదే. ధనం కోసం కాదు, మేస్త్రీని మార్చుకునే స్వేచ్ఛ కోసం.

సెప్టెంబరు 21

ఎంగిలి పూల బతుకమ్మ. వీధిలో ఆడవాళ్లు అడిగారు, "బిడ్డ రాలేదా?" ఇంటామె తడుముకోకుండా చెప్పింది, "వచ్చే నెల అక్కడనే పెండ్లి. పిలగాడు పెరూ దేశపోడు." ఇన్నాళ్లూ దాచింది నేను. ఆమె ఒక్క మాటలో తీసిపడేసింది. గునుగు పూలు పేరుస్తున్న ఒకామె చేయి ఆగింది, మళ్లీ కదిలింది. అంతే.

అక్టోబరు 10, శుక్రవారం

రాత్రి తొమ్మిది. అక్కడ పొద్దున పదిన్నర.

టెక్సాస్‌లో కౌంటీ క్లర్కు దగ్గర లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి. ఆగారు. ఈ రోజు ఒక జడ్జి ముందు నిలబడ్డారు. పది నిమిషాలు. అమ్మాయి గద్వాల చీరే కట్టుకుంది, మేం పంపిందే. నేను ఫోనులోకి అడిగాను, "సాక్షుల సంతకాలు ఏవీ?"

"ఇక్కడ సాక్షులు అక్కర్లేదు నాయినా."

నాకు నోట మాట రాలేదు. గజం జాగా అమ్మినా ఇద్దరు సాక్షులు కావాలి, అలాంటిది పెళ్లికి అక్కర్లేదా? ఇంటామె ఫోను నా చేతిలోంచి లాక్కుంది. "నేను చూస్తున్న కదా, నేను సాక్షిని" అని పళ్లెంలోని తలంబ్రాలు తెర మీదకే చల్లింది. బియ్యం గింజలు ఫోను సందుల్లో ఇరుక్కున్నాయి.

అక్టోబరు 26

ఇద్దరూ కలిసి గ్రీన్ కార్డు దరఖాస్తు వేశారు. నెలల పని. ఇంటర్వ్యూకి పిలిస్తే పెళ్లి నిజమేనా అని అడుగుతారట. అద్దె పత్రం, బ్యాంకు ఖాతా, ఫొటోలు, అన్నీ సర్దుకుంటున్నారు. తలంబ్రాలు చల్లిన వీడియో కూడా పెట్టమన్నాను. నవ్వింది.

మరి ఇటువైపు దారి? దాని గురించి ఎవరూ అడగరు, నేనే అడిగాను. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే అబ్బాయికి ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్లి రద్దయితే ఆ కార్డు కూడా రద్దు. అందాకా వీసా మీద రావాలి. వచ్చి మా ఇంట్లో దిగితే 24 గంటల్లో నేను ఫారం నింపి సర్కారుకు తెలియజేయాలి. "అల్లుడొస్తే సర్కారుకు చెప్పాల్నా?" అని ఇంటామె నవ్వు ఆపుకోలేకపోయింది. టెక్సాస్ పెళ్లి పత్రానికి అక్కడే అపోస్టిల్ వేయించి రెండు నకళ్లు ఉంచుకోమన్నాను. ఒకటి నాకు పంపమన్నాను. బీరువాలో పట్టా పక్కన పెడతాను.

నవంబరు 9, ఆదివారం

ఇంటామె పొద్దున్నే చెప్పింది, "మా నాయిన ఇచ్చిన ఎకరం బిడ్డకు రాయి."

దానపత్రం కుదరదని చెప్పాను. విదేశంలో ఉంటున్నవాళ్లకు సాగుభూమి అమ్మరాదు, దానం ఇవ్వరాదు. రేపు బిడ్డ అమెరికా పౌరురాలై ఓసీఐ తీసుకున్నా అంతే. వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకు వీలునామా ఒక్కటే దారి.

"అయితే అదే రాయి. వాళ్లకు అన్ని దేశాల దర్వాజాలు తెరిచి ఉండాల్నని ఇన్ని నెలలు కొట్లాడినవ్ గద. ఇదొకటి కూడ తెరిచి పెట్టు."

ఈ ఏడాది నా పుస్తకంలో రాసుకున్న చట్టాలన్నిటి కంటే ఆ మాట బరువుగా ఉంది. సంతకం చేయించేముందు అడిగాను, అల్లుడి పేరు కూడా రాయాలా అని. "బిడ్డ పేరు చాలు. బిడ్డది ఉంటే ఆయనది కాదా?" అంది.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం, రాసినవాళ్ల సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. ఒక సాక్షి ఎదురింటాయన. రెండోవాడు చాయ్ బండి దగ్గర బినామీ అన్న తోటి లేఖరి. పిలవగానే వచ్చాడు, పెన్ను కూడా తనదే తెచ్చుకున్నాడు.